బొటనవేలు ఆనే చోటు

మినెసోటాలో మా ఊరి లూథరన్ చర్చిలో అందరూ చూసి పాడే పాటల తెర నడిపేది ఆర్డిస్ లిండ్‌గ్రెన్. ఆర్గన్ పక్కనే, గోడవార, చిన్న బల్ల. బల్ల మీద లాప్‌టాప్. ధాన్యం గోదాము ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాక ఆ కుర్చీలో కూర్చుంది. ఇక లేవలేదు.

పాత లాప్‌టాప్‌కి కింద రెండు మీటలుండేవి. ఎడమ మీట మీద బొటనవేలు ఆనించి, చరణం ముగిసేదాకా అలాగే ఉండేది. నొక్కితే టక్కుమని తెర మీద తర్వాతి చరణం వచ్చేది. ఆర్గన్ వాయించే మార్లిస్‌కి చూపు ఆనదు. ఆ టక్కు విని తర్వాతి చరణం ఎత్తుకునేది. ఇద్దరూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మార్చిలో చర్చి కమిటీ తరఫున కర్టిస్ కొత్తది తెచ్చాడు. మీటలు లేవు. నున్నటి పలక.

"మీటలేవి నాయనా?"

"పలకంతా మీటే, ఆర్డిస్ గారూ."

"మరి వేలెక్కడ పెట్టుకోను? నెత్తినా?"

"అలవాటైపోతుంది లెండి."

"ఇక్కడి చలికీ అలాగే అన్నారు. డెబ్బై ఏళ్ళయింది."

ఆదివారం వేలు అలవాటుగా ఆనింది. ఆనడమే నొక్కడం అనుకుంది పలక. రెండో చరణం మధ్యలో నాలుగోది వచ్చింది. వెనక్కి లాగబోతే వాతావరణ సూచన తెరుచుకుంది. మళ్ళీ మంచు. సగం మంది రెండోది పాడారు, సగం మంది నాలుగోది. టక్కు వినపడక మార్లిస్ చేతులు గాలిలో ఆగాయి.

బుధవారం మార్లిస్ తమ్ముడు ఆరిన్ పోయాడు. ఆమె ఫోన్ చేసింది.

"శనివారం అంత్యక్రియల్లో నేనే వాయిస్తాను. వాడికిష్టమైన పాట నాలుగు చరణాలూ వరసగా రావాలి, ఆర్డిస్. అసలే ఈ కళ్ళు. ఆ రోజు బొత్తిగా కనపడవు."

"వస్తాయి," అంది ఆర్డిస్.

చర్చి కింది గదిలో, కాఫీ పాత్రల వెనక, పాతది దొరికింది. బ్యాటరీ చచ్చింది. వైరు తగిలిస్తేనే లేస్తుంది.

"పొద్దున్నే లేవడం నాకూ అంత తేలిక కాదు," అంది వెతకడానికి తోడెళ్ళిన నాతో, దుమ్ము తుడుస్తూ.

శనివారం మొదటి చరణం ముగిసింది. నిశ్శబ్దం. టక్. మార్లిస్ చేతులు దిగాయి. పాట చివరిదాకా అలాగే సాగింది.

తర్వాత కింద భోజనాల దగ్గరికి కర్టిస్ వచ్చాడు.

"ఆ చప్పుడు చివరి బెంచీ దాకా వినపడిందండీ."

"అయితే వాళ్ళూ వేళకే పాడి ఉంటారు."

"కొత్తది కొన్నాం కదా, దాన్నేం చెయ్యమంటారు?"

"దాని మీద కేకు కోసుకో. నున్నగా ఉంది."

వైరు చుట్టి, పాతదాన్ని సంచిలో పెట్టుకుని, ఇంటికి పట్టుకుపోయింది. ఇక్కడ ఉంచితే కమిటీ పారేస్తుందట.