గోనవ్వను కుట్టిన రహమత్ బీ టీచరు

గత గురువారం ఉదయం దినచర్య పుస్తకంలో ముందురోజు సంగతులు పూర్తి చేస్తుండగా పుంగనూరు నుంచి ఫోను వచ్చింది. రహమత్ బీ టీచరు ఇక లేరని ఆమె చెల్లెలి కుమార్తె షాహీన్ చెప్పింది. "తెల్లారతానే టీ అడిగినాది సార్. నేను తెచ్చేలోపలే పోయినాది." ఆ రెండు వాక్యాలనూ యథాతథంగా పుస్తకంలోకి ఎక్కించాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్కరోజూ మానకుండా రాస్తున్న చేయి ఆ తర్వాతి పంక్తికి కదలలేదు. ఆ పుట ఇప్పటికీ సగం ఖాళీగానే ఉంది.

మరునాడు పత్రికలో నాలుగు వరుసలు వచ్చాయి. విశ్రాంత కుట్టు ఉపాధ్యాయిని అన్నారు, సౌమ్యురాలన్నారు, ఎందరో బాలికలకు అల్లికలు నేర్పారన్నారు. ఆమె సౌమ్యురాలు కారు. పీరియడ్ గంట కొట్టాక తరగతి గదిలో నిలబడిన లెక్కల మాస్టారును చెయ్యి పట్టినంత పని చేసి బయటికి పంపడం నేను కళ్ళారా చూశాను. గుడ్డబొమ్మలతో, ఒంటిచేత్తో, ఈ ప్రాంతపు పిల్లల కోసం ఆమె నిర్మించిన భయానక యానిమేషన్ చిత్రాలను గురించి ఆ నాలుగు వరుసల్లో ఒక్క అక్షరం లేదు. అంతటితో ఆగలేదు. సంతాప సభలో మాట్లాడమని పిలిచిన ఉపాధ్యాయ మిత్రుడొకరు, పిలుపుతోపాటే ఒక నియమమూ పెట్టారు. "ఆ దయ్యాల సినిమాల సంగతి మాత్రం వద్దులే సార్. ఆ మెమో గొడవ మళ్ళీ యాల?"

ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం. మదనపల్లెలో ఒక పాఠశాలలో ఆమె చిత్రం ప్రదర్శిస్తుండగా ఒక బాలిక చేయి విరిగింది. పిల్లలను భయపెట్టి ప్రమాదానికి కారకురాలైందన్న నింద ఆమె సేవాపుస్తకంలోకి చేరింది. పదవీ విరమణ నాడూ అది అక్కడే ఉంది, మరణించిన నాడూ అక్కడే ఉంది. ఆ తప్పు ఆమెది కాదు. ఎవరిదో నా దగ్గర లిఖితపూర్వకంగా ఉంది. క్రమంగా చెబుతాను.

రహమత్ బీ తండ్రి పుంగనూరులో పరుపులు, బొంతలు కుట్టేవారు. అక్షరాలకంటే ముందు ఆమెకు సూది వచ్చిందట. పాఠశాలలో కుట్టు ఉపాధ్యాయిని పదవి ఎంత చిన్నచూపుకు గురైనదో తెలియనివారికి ఒక్క మాట: స్టాఫ్ రూములో ఆమె కుర్చీ ఎప్పుడూ తలుపు పక్కనే ఉండేది, ఎవరు వచ్చినా ముందుగా లేవవలసింది ఆమె. సిలబస్ వెనుకబడిన ప్రతి మాస్టారూ అప్పు తీసుకున్నంత ధీమాగా ఆమె పీరియడ్ తీసుకునేవారు. ఆ పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉండగా వేసిన కాలనిర్ణయ పట్టికలు నా దగ్గరే ఉన్నాయి. వాటిలోనూ ఆమె పీరియడ్ల మీద ఎర్రసిరా గీతలున్నాయి. ఆ గీతలు నావే.

అలా ఖాళీ అయిన గంటల్లో, కత్తిరింపు గుడ్డల గంప ముందు కూర్చుని ఆమె బొమ్మలు కుట్టసాగారు. పిల్లలు సెల్‌ఫోన్లలో ఎక్కడెక్కడి భూతాల కార్టూన్లో చూస్తున్నారనీ, వాటిని మాన్పించాలనీ ఒక సమావేశంలో మేమందరం తీర్మానం చేశాం. ఆమె ఒక్కరే వ్యతిరేకించారు. "ఆ దయ్యాలు యాడివో సార్, మంచులో తిరిగేటివి. మన పిల్లోళ్ళకు మన దయ్యం ఒకటి ఉండొద్దా?"

ఆమె పనితీరు చూడవలసినది. కుట్టుమిషను బల్లకు సెల్‌ఫోను బిగించి, బొమ్మను దర్జీ సుద్దతో గీసిన గీత మీద వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో, మళ్ళీ జరిపి మరొక ఫొటో తీసేవారు. అలా తీసిన ఫొటోలన్నీ వరుసగా పరుగెత్తిస్తే బొమ్మ నడుస్తుంది. ఫ్యాను తిరిగితే గుడ్డ కదులుతుంది కనుక ఏప్రిల్ ఎండల్లో కూడా ఫ్యాను ఉండేది కాదు. ఒకసారి పర్యవేక్షణ నిమిత్తం ఆ గదిలోకి వెళ్ళాను. ఆమె తల ఎత్తకుండానే, "మీరు ఊపిరి వదిలితే అవ్వ కొంగు కదులుతాది సార్. బయట నిలబడి వదిలేసి రాండి" అన్నారు. ప్రధానోపాధ్యాయుడినై ఉండీ వరండాలో నిలబడి శ్వాసించి వచ్చాను.

ఆ అవ్వే గోనవ్వ. ఆమె చిత్రాల్లో పద్దెనిమిది నిమిషాల ఆ చిత్రమే మిక్కిలి ప్రసిద్ధం. మదనపల్లె టమోటా మార్కెట్టులో కాయలు ఏరే తల్లి, ఆమె కూతురు చిట్టి, ఇంకా నడక సరిగా రాని తమ్ముడు. పొద్దు వాలేసరికి పేర్చిన క్రేట్ల నీడల్లోంచి చిరిగిన గోనెపట్టాలతో చేసిన ముసలిది లేచి, "నా బిడ్డ ఏదప్పా?" అని అడుగుతూ తిరుగుతుంది. బదులు చెప్పని పిల్లలను తన సంచిలో వేసుకుంటుంది. సంచి లోపల అంతులేని చీకటి. అందులో పిల్లలందరూ తమ పేర్లు మరచి, ఎప్పటికీ తరగని కాయలు ఏరుతూ ఉంటారు. బదులు చెప్పలేక సంచిలో పడ్డ తమ్ముడి కోసం చిట్టి తల్లి దబ్బనం పట్టుకుని తానే సంచిలోకి దిగుతుంది. అడుగున ఒక చిరుగు కనబడుతుంది. గోనవ్వ బిడ్డ ఒకనాడు ఆ చిరుగులోంచే జారిపోయింది. ఆ సంగతి గోనవ్వకు తెలియదు. చిట్టి పిల్లలందరినీ ఆ దారినే బయటికి పంపి, ఆఖరున తాను వెలుపలికి వచ్చి, చిరుగును కుట్టేస్తుంది. తెల్లవారి మార్కెట్టులో జనం మధ్య గోనవ్వ ఖాళీ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. చిత్రం అక్కడ ముగుస్తుంది.

ఇది బాలలకు తగదని నా పుస్తకంలో రాసుకున్నాను, ఆమెకూ చెప్పాను. కనీసం చివర్లో దయ్యం నశించినట్లు చూపమన్నాను. "పోయిందంటే పిల్లోళ్ళు నమ్మరు సార్. భయం వాళ్ళ కాడ ముందే ఉండాది. నేను తెచ్చియ్యలేదు. నేను దానికి గుడ్డ తొడిగినా, అంతే." ఈ మాటలకు అప్పుడు నేను రాసుకున్న వ్యాఖ్య "మొండితనం" అని. ఇప్పుడు దాన్ని కొట్టివేస్తున్నాను.

ప్రదర్శనకు ఆమె పాటించిన ఆచారం ఒకటుంది. పట్టపగలే కిటికీలకు కంబళ్ళు కట్టి గదిని చీకటి చేసేవారు. దీపం ఆర్పకముందు, "ఎవురికి బాగా భయం?" అని అడిగేవారు. ఎవరూ చేయి ఎత్తేవారు కారు. ఆమె తొందరపడేవారు కారు. ఎప్పటికో ఒక చేయి సందేహంగా లేచేది. ఆ బిడ్డను తెచ్చి స్విచ్చి బోర్డు పక్కన కూర్చోబెట్టి, ఎప్పుడు తోస్తే అప్పుడు దీపం వేసుకొమ్మనేవారు. దీపం వెలిగితే చిత్రం ఆగేది. ఆ బిడ్డ తానుగా ఆర్పితేనే మళ్ళీ సాగేది. ఈలోగా ఎవరూ నవ్వకూడదు. చిత్రం అయ్యాక గోనవ్వ బొమ్మ చేతులు మారుతూ గదంతా తిరిగేది. పిల్లలు దాని కుట్లు లెక్కపెట్టేవారు. ఈ స్విచ్చి ఏమిటని నేను నిలదీస్తే ఆమె చెప్పిన జవాబు: "భయపడేటోళ్ళ చేతిలోనే ఉండాల సార్ అది. ధైర్యమున్నోళ్ళకు దాంతో పనేముండాది?"

కుప్పంలో జరిగిన ప్రదర్శనకు నేనూ వెళ్ళాను. చిత్రం ముగిశాక ఒక పాప లేచి, ఈ అవ్వ మా వీధికొస్తే ఎట్లా అడుగుతుందని సంశయం వెలిబుచ్చింది. "మా అవ్వకు తమిళం తప్ప రాదు టీచర్. పక్కింటోళ్ళది కన్నడం. ఈయమ్మ తెలుగులో అడిగితే మావోళ్ళు బదులు చెప్పేదెట్ల? అందరినీ ఏసకపోతాది గదా." గదంతా గొల్లున నవ్వింది. రహమత్ బీ నవ్వలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు పలమనేరు దాటాక, గోనవ్వ నోటి మాట తీసేస్తున్నానన్నారు. తర్వాతి వారం నుంచి గోనవ్వ మాట్లాడలేదు. నేల మీద గోనెపట్టా ఈడ్చిన చప్పుడు మాత్రమే వినిపించేది. పిల్లలు మునుపటికంటే ముడుచుకుని కూర్చున్నారు. "మాట తీసేస్తే ఎవురింటి దయ్యం వాళ్ళకే ఇనిపిస్తాది సార్" అన్నారు.

ఇక మదనపల్లె సంగతి. అప్పటికి నేను అక్కడికి బదిలీ అయ్యాను. ఆమె చిత్రాన్ని మా పాఠశాలలో ప్రదర్శించమని ఆహ్వానించింది నేనే. కొందరు అధికారులను కూడా పిలిచాను. అంతకుముందు చౌడేపల్లెలో ఒక బిడ్డ మాటిమాటికీ దీపం వేయడంతో పద్దెనిమిది నిమిషాల చిత్రం గంటసేపు సాగిందని నా పుస్తకంలో నమోదై ఉంది. అతిథుల ముందు అలా జరగకూడదనుకున్నాను. ఆ రోజు చేయి ఎత్తినది ఆరో తరగతి సుజాత. రహమత్ బీ ఆమెను స్విచ్చి పక్కన కూర్చోబెట్టి, గది వెనుక ప్రొజెక్టరు దగ్గరికి వెళ్ళారు. దీపాలు ఆర్పించే సమయానికి నేను సుజాతను లేపి మూడో వరుసలోకి పంపాను. ఆమె స్థానంలో ధైర్యశాలి అని పేరున్న తరగతి నాయకుణ్ణి కూర్చోబెట్టి, ఎవరు అడిగినా దీపం వేయవద్దని ఆజ్ఞాపించాను. సంచి నోరు తెరుచుకునే ఘట్టంలో సుజాత రెండుసార్లు "లైటు" అన్నది. నాయకుడు నా ఆజ్ఞ పాటించాడు. ఆ పిల్ల చీకట్లో తలుపు వైపు పరుగెత్తి, బెంచీ తగిలి పడింది.

విచారణ జరిగింది. నేను ఇచ్చిన నివేదికలో, ప్రదర్శన ఏర్పాట్లు కుట్టు ఉపాధ్యాయిని చూశారని రాశాను. ఆ వాక్యంలో ప్రతి పదమూ సరైనదే. స్విచ్చి ప్రస్తావన మాత్రం అందులో లేదు. అదే రోజు నా సొంత పుస్తకంలో ఇలా ఉంది: "స్విచ్చి వద్ద సుజాతకు బదులు తరగతి నాయకుడు. ఆదేశం నాది."

విచారణకు ముందు ఆమె నా గదికి వచ్చారు. స్విచ్చి దగ్గర ఎవరున్నారని అడిగారు. పిల్లలెవరో అన్నాను. ఆమె నా బల్ల మీది పుస్తకం వైపు కొంతసేపు చూసి, "సరే సార్" అన్నారు. సంజాయిషీలో ఆమె రాసింది రెండే వాక్యాలు: గదిని చీకటి చేసింది నేనే. బాధ్యత నాదే. పాఠశాలల్లో ఆమె చిత్రాల ప్రదర్శన నిలిచిపోయింది. ఆ తర్వాత ఆమె రెండు చిత్రాలు తీసి పుంగనూరులో తమ ఇంటి కుట్టుగదిలో వీధి పిల్లలకు చూపారు. ప్రతి రంజానుకూ షీర్ ఖుర్మా గిన్నె మా ఇంటికి పంపారు. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. పత్రికలో వచ్చిన నాలుగు వరుసల మీద నాకున్న ఆగ్రహం న్యాయమైనదే. కానీ ఆ నాలుగు వరుసలకు నేను చాలా ఏళ్ళ ముందే చిత్తుప్రతి రాసిచ్చాను.

ఆదివారం సంతాప సభ ఆ కుట్టుగదిలోనే జరిగింది. మిత్రుడు పెట్టిన నియమాన్ని పక్కనబెట్టి, పైన ఉదహరించిన పంక్తిని పుస్తకం తెరిచి చదివాను. ముందువరుసలో ఒక స్త్రీ లేచింది. సుజాత. నిమ్మనపల్లెలో నర్సుగా పనిచేస్తోంది. ఆమె కోపపడుతుందని సిద్ధపడ్డాను.

"నాకు తెలుసు సార్. ఆ తావు నుంచి నన్ను లేపింది మీరే గదా. టీచరుకు గూడా నేనే చెప్పినా, ఆస్పత్రిలో."

మరి విచారణలో చెప్పలేదేమని అడిగాను.

"మమ్మల్ని ఎవురడిగినారు సార్? పెద్దోళ్ళనే అడిగిరి. టీచరేమో, సార్ పుస్తకంలో రాసింటాడు, ఆయప్పే ఒకనాడు చదువుతాడులే అనింది."

టీచరు ఎదురుచూసినది ఆ రోజు కోసం. అది ఆమె పోయిన నాలుగో రోజున వచ్చింది. దీనికి నా దగ్గర సమర్థన లేదు.

తర్వాత కిటికీలకు కంబళ్ళు కట్టారు. షాహీన్ తెర ముందు నిలబడి, పెద్దమ్మ అడిగినట్టే, ఎవరికి బాగా భయమని అడిగింది. వీధి పిల్లలు గది నిండా ఉన్నారు. ఎవరూ కదల్లేదు. నేను చేయి ఎత్తాను. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. సుజాత వెనక్కి తిరిగి చూడగానే ఊరకుండిపోయారు. ఆమే నా మోచేయి పట్టుకుని తీసుకువెళ్ళి స్విచ్చి బోర్డు పక్కన కూర్చోబెట్టింది.

ఆమె సేవాపుస్తకంలోని ఆ పుట సవరించవలసిందిగా కోరుతూ, నా పుస్తకపు నకలు జతచేసి, సంబంధిత కార్యాలయానికి లేఖ పంపాను. సవరిస్తారో లేదో తెలియదు. సవరించినా, ఒక్క భయపడే బిడ్డ కోసం తాను ఏడాది శ్రమించి తీసిన చిత్రాన్ని ఆపి, చేతులు కట్టుకుని నిలబడగల మనిషి మదనపల్లెకు గానీ పుంగనూరుకు గానీ కుప్పానికి గానీ మళ్ళీ దొరకదు. రహమత్ బీ గారికి నా నమస్సులు. ఆమె బతికుండగా చెప్పవలసిన క్షమాపణ కూడా ఇందులోనే ఉంది.

ఆ ఆదివారం, సంచి నోరు తెరుచుకున్నప్పుడు నేను దీపం వేశాను. తెర మీద గోనవ్వ ఆగిపోయింది. పిల్లలందరూ నా వైపు తిరిగారు. ఎవరూ నవ్వలేదు. నేను ఆర్పేదాకా అందరూ అలాగే కూర్చుని ఉన్నారు.