పదకొండు దూలాలు

పాత దూలం ఏది దొరికినా వడ్రంగి ముందుగా దాని కొసను చిత్రిక పట్టి, తడిగుడ్డతో తుడిచి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, గుండుసూదితో వలయాలు లెక్కపెడతాడు. చెట్టుకు ఏడాదికొక వలయం. "చచ్చిన చెట్టుకి జాతకం రాస్తున్నావా?" అని భార్య దెప్పినా చెవిన పెట్టడు. లెక్క తప్పితే విసుక్కోకుండా మళ్లీ మొదటికొస్తాడు. ఒకరోజు, కూలగొట్టిన పాత గిడ్డంగి నుంచి బెరడు కూడా ఊడని, అంటే చివరి వలయం దాకా చెక్కుచెదరని దూలాలు పదకొండు వచ్చాయి. కట్టిన ఏడు గిడ్డంగి గడప మీదే చెక్కి ఉంది. ఆ ఏటి నుంచి వలయాలు వెనక్కి లెక్కవేస్తే పదకొండు చెట్లూ ఒకే పదేళ్లలో మొలిచాయి. ఒంటిమీది రంపపు పొట్టు కూడా దులుపుకోకుండా ఇంట్లోకి పరుగెత్తాడు.

కోడలు బడిలో చరిత్ర చెబుతుంది. ఆ చెట్లు మొలిచిన ఏళ్లు వినగానే దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టేసింది. "వాటికి కాస్త ముందే కదా మామయ్యా, పొరుగు రాజు సైన్యం వచ్చి ఊళ్లు తగలబెట్టింది. అప్పుడిదంతా చేలేనట." "దున్నేవాడుంటే చేలో చెట్టెలా మొలుస్తుందమ్మా?" అన్నాడతను. ఆమె చెప్పులేసుకోకుండానే దుకాణంలోకి వచ్చింది. "పిల్లలకు రాజు మారాడనే ఇన్నాళ్లూ చెప్పాను. ఊళ్లకు ఊళ్లు పాడుబడి చేలన్నీ అడవైతే ఎండా వానా కూడా మారి ఉంటాయి" అంది, దూలాలు ఒక్కొక్కటే తడుముతూ. ఆ దూలాలతో బల్లలు చేయమన్నాయన వచ్చే వేళయినా వడ్రంగి రంపం ముట్టలేదు. పెన్సిలుతో ఒక దూలం కొసన, అన్నిటికన్నా లోపలి వలయం నడిమధ్య చుక్క పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ ఎవరో నాగలి వదిలేసి వెళ్లిపోయారు."