రబ్బరు బొమ్మను కొట్టే మనిషి

టీవీ చూసి పిల్లలు దుడుకుతనం నేర్చుకుంటారా అని అమెరికాలోని అయోవాలో పరిశోధన చేస్తున్న ప్రొఫెసర్ క్విన్‌బీ దగ్గర మార్వా హెల్గెసన్ చేసే ఉద్యోగం ఓ బొమ్మను కొట్టడమే. కెమెరా ముందు స్కర్టు సర్దుకుని, పడినా మళ్ళీ లేచే రబ్బరు బొమ్మ మూతిని చెక్కసుత్తితో వాయిస్తుంది. "లేస్తావేం? చావు!" అని అరుస్తుంది. తర్వాత చెమట తుడుచుకుని, బొమ్మ మొహం కూడా తడిగుడ్డతో తుడిచి, బస్సెక్కి ఇంటికి పోతుంది. ఆ దృశ్యాన్ని టీవీలో బడిపిల్లలకు చూపిస్తారు.

మొన్న కిరాణా కొట్లో, అది చూసిన ఓ ఐదేళ్ళ పిల్ల ఆమెను గుర్తుపట్టింది. సంబరంగా పరుగెత్తుకొచ్చి సూపు డబ్బాతో మోకాలిచిప్ప మీద ఒక్కటిచ్చింది. మార్వా కూలబడి లేవబోతుంటే, "లేస్తావేం? చావు!" అంటూ నుదుటి మీద ఇంకొకటి. రక్తం కళ్ళలోకి కారింది. తల్లి వచ్చి పిల్లను జుట్టు పట్టుకుని ఈడ్చింది. "మనుషుల్ని కొడతావుటే? ఎక్కడ నేర్చావే? చెప్పవేం?" అంటూ మాటకో దెబ్బ వేసింది. పిల్ల పెదవి చిట్లింది.

సోమవారం నుదుటి కట్టుతో వెళ్ళి మార్వా ఇదంతా చెబితే క్విన్‌బీ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"చూశావా, టీవీ ఎంత పని చేసిందో!"

"తల్లి ఆ పిల్లను రక్తం వచ్చేలా కొట్టిందండీ."

"అది మనకెందుకమ్మాయ్? టీవీలో రాలేదుగా!" అంటూ ఆయన సుత్తి అందించాడు.