గేటు బయట సుజాత

పదకొండేళ్ళ క్రితం, శ్రావణ మాసంలో ఒక గురువారం, ఉదయం తొమ్మిదింబావుకు మొదలైంది ఈ బరువు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కుసుమకు కూడా.

కుసుమ, నేను అప్పుడు నందిగామలో టీచర్లం. ఊరి దృష్టిలో ఆమె నా పిన్ని కూతురు. నిజానికి నా జీవితం పంచుకున్న మనిషి. ఆ సంగతి విజయవాడలో నెలకోసారి కలుసుకునే కొద్దిమందికే, మేము మావాళ్ళు అని చెప్పుకునేవాళ్ళకే తెలుసు. ఆడవాళ్ళను ప్రేమించిన ఆడవాళ్ళు, మగవాళ్ళను ప్రేమించిన మగవాళ్ళు. వాళ్ళలో సుజాత ఒక్కతే వేరు. జగ్గయ్యపేటలో బట్టలు కుట్టేది. మగపిల్లాడని పెంచారట, తను మాత్రం ఎప్పుడూ ఆడపిల్లే. మొదటిరోజు బెదురుగా నిలబడ్డ మా ఇద్దరినీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది ఆమే.

ఆ గురువారం జరిగిన మా కొత్తింటి గృహప్రవేశానికి నేనే ఫోన్ చేసి పిలిచాను. పట్టుచీర కట్టుకుని, మాకోసం కుట్టిన గుమ్మం తెర సంచిలో పెట్టుకుని వచ్చింది. కుసుమ లోపల పూజ పనిలో ఉంది. గేటు దగ్గర నా పక్కన ఎదురింటావిడ ఉంది.

"వీళ్ళకి ముహూర్తాలు ఎట్టా తెలుస్తయ్యో, పురోహితుడి కన్నా ముందే దిగుతారు" అని నవ్విందావిడ. సుజాత వైపు తిరిగి, "అక్కచెల్లెళ్ళిద్దరూ కష్టపడి కట్టుకున్న ఇల్లు, మరీ ఎక్కువ లాగమాక" అంది.

మా చుట్టం అని చెప్పగలిగేదాన్నే నేను. కానీ ఏ చుట్టమని అడిగేవాళ్ళు. తర్వాత కుసుమ వైపు చూసేవాళ్ళు. అదేనా నా భయం? లేక ఆ పట్టుచీరను నేనూ ఎదురింటావిడ కళ్ళతోనే చూశానా? చాటలో బియ్యం, కొబ్బరికాయ, నూటపదహార్లు పెట్టి, శుభకార్యాలకు డబ్బులడగడానికి వచ్చే హిజ్రాలకు ఇచ్చినట్టు గేటు బయటే ఇచ్చాను.

"దీవించి వెళ్ళమ్మా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. మిషను తొక్కి బతికిన మనిషి, ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి, అరచేతులు గట్టిగా చరిచింది.

"అక్కచెల్లెళ్ళిద్దరూ నూరేళ్ళు చల్లగా ఉండండమ్మా."

మా అబద్ధాన్ని కూడా ఆమే కాపాడి, సంచి తెరవకుండా బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

"సుజాత రాలేదేం?" అని సాయంత్రం కుసుమ అడిగింది.

"రాలేదు" అన్నాను.

మేము దాక్కోగలం. ఆమె దాక్కోలేదు. బయటివాళ్ళ గేట్లు ఆమెకు అలవాటే, కానీ నాది బయటివాళ్ళ గేటు కాదనుకునే కదా వచ్చింది? ఇక్కడినుంచి జగ్గయ్యపేటకు బస్సులో గంట కూడా పట్టదు. వెళ్ళలేదు. సుజాత మమ్మల్ని మరిచిపోయిందన్న బాధతోనే కుసుమ కన్నుమూసింది. అప్పుడైనా నోరు విప్పలేదు.

నన్ను క్షమించమని ఇది వింటున్న మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. చెప్పాను, అంతే.

పోయినవి: విజయవాడలో ఆ రోజు తర్వాత ఖాళీగా మిగిలిన సుజాత చోటు. కుసుమకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. 'మావాళ్ళు' అనే మాట, నా నోటి నుంచి.