వేసిన వల

భావనపాడు పెంటయ్య పట్టిన కుందేటికి మూడే కాళ్లు. కూరలో ఉప్పు మొదలు పడవకు వేసే రంగు దాకా అతని మాటే నెగ్గాలి. భార్య బంగారమ్మ చేపల గంపతో టెక్కలి దాకా తిరిగే మనిషి. మొగుడి మొండితనాన్ని నవ్వుతూ భరించేది.

అలాంటి బంగారమ్మకు ఒకసారి కాలు వాచింది. నరంలో నెత్తురు గడ్డ కట్టిందని, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని విశాఖలో చెప్పారు. నెత్తురు పలచబడే మందులు వేద్దామంటే కడుపులో పుండు. దాని నుంచి అప్పటికే నెత్తురు కారుతోంది.

డాక్టరు రెండు జాలీలు చూపించాడు. రెండూ గొడుగు ఊచల్లా సన్నటి తీగలే. కడుపులోని పెద్ద నరంలో పెడితే పైకి పోయే గడ్డను ఆపుతాయి. ఒకటి పెడితే ఇక జన్మంతా అక్కడే. రెండోదానికి కొసన చిన్న కొక్కెం, అవసరం తీరాక మెడ దగ్గర నుంచి లాగెయ్యవచ్చు. ఏదైనా ఏళ్ల తరబడి ఉంటే తీగ విరగవచ్చు, దానికే గడ్డ పట్టవచ్చు. అయినా ఈమెకు గడ్డలు మళ్లీ వచ్చేలా ఉన్నాయి కనుక మొదటిదే మేలన్నాడాయన.

వేసిన వలను నీళ్లలో వదిలి గట్టెక్కితే గంగమ్మ ఊరుకోదని పెంటయ్య ఇంట్లో తాతలనాటి నమ్మకం.

"ఏసిన వల తియ్యాల బాబూ. కొక్కెం ఉన్నదే ఎయ్యండి," అన్నాడు.

అదే వేశారు. పుండు మానింది, మాత్రలు మొదలయ్యాయి. పెంటయ్య జాలీ తీసెయ్యమని పోరు పెట్టాడు. ఇంకొన్నాళ్లు ఆగమన్నాడు డాక్టరు. ఎప్పుడూ ఎదురు చెప్పని బంగారమ్మ కూడా బతిమాలింది.

"ఉండనీ మావా. నాకేటి బరువు నేదు."

అతను వినలేదు. తీయించి, పెద్ద బరువు దిగినట్టు ఊరికి తీసుకొచ్చాడు. వానాకాలంలో పుండు మళ్లీ తిరగబెట్టి మాత్రలు ఆపవలసి వచ్చింది. కాలు మళ్లీ వాచింది. విశాఖకు బయలుదేరిన జీపు టెక్కలి దాటకముందే ఆయాసపడి, మొగుడి చెయ్యి పట్టుకుని పోయింది. పాపం, ఆ చెయ్యి ఆమె చివరిదాకా వదల్లేదు.

దినకార్యం అయ్యాక పెంటయ్య ఒక్కడే విశాఖ వెళ్లాడు. జాలీ ఉంచితే బతికేదా అని అడిగాడు. ఉంచినా ఏమయ్యేదో చెప్పలేనన్నాడు డాక్టరు.

"అలగ అనకండి బాబూ. నీదే తప్పని తిట్టండి," అన్నాడు పెంటయ్య.

డాక్టరు తిట్టలేదు. తర్వాతి రోగిని పిలిచేదాకా పెంటయ్య అక్కడే నిలబడి ఉన్నాడు.