లాంచి టిక్కెట్టూ, కాటా ఆమోసు గారూ

ఉయ్యూరు షుగరు ఫ్యాక్టరీ గేటు దాటగానే ఎడంపక్కన కాటా ఉంటుంది. ఆ కాటా మీద ఇరవై రెండేళ్లుగా చెరకు బండ్లు తూస్తున్న గుమాస్తా ఆమోసు. బండి చెరకుతో వచ్చినప్పుడు ఒక తూకం, చెరకు దించి ఉత్తదిగా తిరిగొచ్చినప్పుడు ఇంకో తూకం. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలిందే చెరకు. ఇందులో పెద్ద చదువేమీ లేదు. కాని బండి తోలేవాడు మొదటి తూకానికి పైన బిగుసుకు కూర్చుని, రెండో తూకానికి చల్లగా దిగిపోయి చుట్ట ముట్టించుకున్నాడంటే వాడి బరువు కూడా చెరకు కిందే చెల్లిపోతుంది. అందుకని సీజను నడిచే నాలుగు నెలలూ ఆమోసు నోట రెండే మాటలు వినబడేవి. ఒకటి, "దిగవయ్యా, దిగు!" రెండోది, కొట్టిన చెరకు నాలుగు రోజులు ఎండబెట్టి తెచ్చి తూకం తగ్గిందని గోలపెట్టే రైతుతో, "ఆలస్యం చేస్తే తగ్గక పెరుగుద్దా?"

కాటా దగ్గర రైతులు ఆయన్ని "ఆమోసు గారూ" అనేవారు. బజార్లో కనబడితే "ఏం ఆమోసూ" అనేవారు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. ఆమోసు ఇవేవీ మనసులో పెట్టుకునేవాడు కాదు. మనుషులు ఎంత తేలికో రోజూ తూచి చూసేవాడికి కోపం ఎందుకొస్తుంది?

చిక్కల్లా ఏమిటంటే, ఆ కాటాని ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. దొండకాయలు కొన్నా తూచేవాడు, దుప్పటి కొన్నా తూచేవాడు, ఆదివారం పాస్టరు గారి ప్రసంగం ఎంతసేపైందో, అందులో పనికొచ్చేది ఎంతో కూడా తూచేవాడు. లోకానికి నాలుగు సువార్తలుంటే, "తూచి చెయ్యి" అన్నది ఆమోసుకి అయిదో సువార్త.

భార్య సంపూర్ణమ్మ దీనికి పూర్తిగా వేరు. ఆమె తండ్రి బందరు కాలవ మీద సరుకుల పడవకి సరంగు. బస్తాలు బెజవాడ మోసుకుపోయి, అక్కణ్ణుంచి సున్నపురాయి తెచ్చేవాడు. తల్లి లేని పిల్ల కాబట్టి సంపూర్ణమ్మ పడవలోనే పెరిగింది, పడవలోనే వండింది, పదిహేనేళ్లకే గెడ వేసి పడవని ఒడ్డుకి తెచ్చేది. పందొమ్మిదో ఏట పెళ్లయి ఫ్యాక్టరీ క్వార్టర్సులోకొచ్చింది. తర్వాత లారీలొచ్చాయి. తండ్రి పడవ కాలవగట్టున బోర్లాపడి పుచ్చిపోయింది. ఆమె మళ్లీ పడవ ఎక్కలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సంపూర్ణమ్మ వాళ్లు బాప్టిస్టులు. కాలవలో నిలువునా ముంచితేనే వాళ్లకి బాప్తిస్మం, ఆ మునక మునిగినవాళ్లకే ప్రభువు బల్లలో రొట్టే, ద్రాక్షరసం. ఆమోసు రేపల్లె వైపు లూథరన్. చిన్నప్పుడు నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించారు, అయిపోయింది. "ఆమోసు గారూ, ఈస్టరుకి పుల్లేరు కాలవలో దిగుతారా?" అని పాస్టరు గారు ఏటా అడిగేవారు. "నీళ్లెన్ని అన్నది కాదండీ, విశ్వాసమెంత అన్నది లెక్క" అని ఆమోసు ఏటా వాదించేవాడు. భార్య ముందుకెళ్లి రొట్టె తీసుకుంటుంటే ఆయన వెనకబెంచీలో కూర్చుని చెప్పులు చూసుకునేవాడు. పాతికేళ్లు అలాగే కూర్చున్నాడు.

డెబ్భై ఒకటిలో ఒక రంగుకాయితం చేతికొచ్చింది. "శ్రీ జలలక్ష్మి డీలక్సు లాంచి! విజయవాడ నుంచి అమరావతికి రెండు రోజుల రాజవిహారం! మనిషికి పదిహేను రూపాయలు మాత్రమే!" పైన బొమ్మలో దొరసానిలాంటి మనిషి గొడుగేసుకుని నవ్వుతోంది. ఏనాడూ గాజులు కూడా అడగని సంపూర్ణమ్మ ఆ కాయితం మడతపెట్టి బైబిల్లో దాచుకుంది.

"ఏవండీ, మన పెళ్లయి పాతికేళ్లు నిండేలోపు ఒక్కసారి నన్ను ఆ నీళ్ల మీద తిప్పుకురండి. ఇంకేం అడగను" అంది.

ఆమోసు కాయితం అటూ ఇటూ తిప్పాడు. "పదిహేనా! బస్సులో అయిదారుకి పోయొచ్చే ఊరికి పదిహేనా! కొత్త మోజే, వచ్చే ఏటికి దిగుద్ది చూడు."

వచ్చే ఏటికి ఇరవై అయింది. ఆ పై ఏడు ఎక్కడో ఎడారి దేశాల వాళ్లు చమురు బిగబడితే ఇక్కడ కృష్ణలో టిక్కెట్టు ముప్పై అయింది. టిక్కెట్టు పెరిగినప్పుడల్లా కాయితం మీద దొరసాని నవ్వు కూడా పెరిగింది. ఏటా దసరాకి ముందు ఆమోసు నోటుబుక్కు తీసి ఒకవైపు లాంచి, ఒకవైపు బస్సు రాసి, కళ్లజోడు సవరించుకుని తీర్పు చెప్పేవాడు. బస్సే గెలిచేది. గెలిచిన బస్సు కూడా ఎక్కకుండానే దసరా వెళ్లిపోయేది.

డెబ్భై అయిదులో మాత్రం భార్య పోరు పడలేక బెజవాడలో లాంచి ఆఫీసు మేడెక్కాడు. టై కట్టుకున్న ఏజెంటు కుర్చీ చూపించాడు.

"మనిషికి నలభయ్యేనండి. అంచు పక్క కుర్చీ కావాలంటే అయిదు ఎక్స్‌ట్రా."

"అంచు పక్క కాకపోతే?"

"ఇంజను పక్కనండి. వెచ్చగా ఉంటుంది. పడుకోడానికి మంచానికి ఆరు. దోమతెర రెండు."

"మరి నలభై దేనికయ్యా?"

"లాంచిలో ఉండటానికండి" అన్నాడు ఏజెంటు, చంటిపిల్లాడికి చెప్పినట్టు. "పిండి కొద్దీ రొట్టె. పోయినేడు వచ్చుంటే మీకు పది రూపాయలు కలిసొచ్చేది. ఈ ఏడు వెళ్తే వచ్చే ఏటి మీద పది కలిసొస్తుంది. పెద్దమనుషులంతా అలాగే ఆలోచిస్తున్నారండి."

"అసలు వెళ్లకపోతే నలభై కలిసొస్తుంది కదయ్యా" అని ఆమోసు మెట్లు దిగాడు. ఆ మాట ఉయ్యూరులో పదిమందికి చెప్పుకుని మురిశాడు. పదకొండో మనిషి సంపూర్ణమ్మ. ఆమె నవ్వలేదు, మోకాళ్లకి ఆముదం రాసుకుంటోంది. నలభై దాటిన దగ్గర్నుంచి ఆ మోకాళ్లు ఆమె మాట వినడం మానేశాయి.

డెబ్భై ఆరు సెప్టెంబరు ఆఖరికి పెళ్లయి పాతికేళ్లు నిండుతాయి. టిక్కెట్టు యాభై అయింది. ఇక తప్పదని ఆమోసే ముందుకొచ్చాడు.

"అమరావతి వెళ్దాం, కాని మన ఇష్టంగా వెళ్దాం. లాంచివాడు గంట కొడితే తినాలి, గంట కొడితే పడుకోవాలి, జైలా ఏవన్నానా? బస్సులో అయితే మనమే రాజులం. బెజవాడ, గుంటూరు, అమరావతి. కృష్ణ ఒడ్డున కూర్చుని కావాల్సినంతసేపు చూడు. చూడ్డానికి టిక్కెట్టు లేదుగా!"

"గుంటూరెందుకండీ? ఇబ్రహీంపట్నం మీదుగా అమరావతి ఎదురొడ్డుకి పోయి పడవలో రేవు దాటితే దగ్గరా, డబ్బులూ తక్కువేగా?"

"ఆ రోడ్డు బాగోదు" అన్నాడు ఆమోసు గబుక్కున.

పాతికేళ్లలో ఆయన చవకబేరం వద్దనడం అదే మొదలు. సంపూర్ణమ్మ ఆయన మొహం ఒకసారి చూసి, అన్నం వార్చడానికి లేచింది.

బయల్దేరిన రోజు రాజుల ప్రయాణం ఇలా సాగింది. బెజవాడ బ్యారేజీ మీద బస్సు పోతున్నంతసేపూ ఆమోసు కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. గుంటూరులో రెండు గంటలు నిలబెట్టి, మూడో గంటలో వచ్చిన బస్సులోకి జనం కిటికీల్లోంచి కూడా ఎక్కారు. సంపూర్ణమ్మని మెట్టు ఎక్కించడానికి కిందనించి ఆమోసూ, పైనించి కండక్టరూ సాయం పట్టారు. దొరికిన చోటు మిరపకాయ బస్తాల పక్కన. తాడికొండ దాటాక టైరు పగిలింది. మార్చేలోపు వాన పట్టుకుంది. మనిష్టం వచ్చినప్పుడు తిందామనుకున్న పులిహోర వాసనొస్తే పారేసి, పూటకూళ్లింట్లో డబ్బులిచ్చి చల్లటి భోజనం తిన్నారు. దారిపొడుగునా నోటుబుక్కులో రాసుకొచ్చిన ఆమోసు, భోజనం దగ్గరకొచ్చేసరికి పెన్సిలు జేబులో పెట్టేశాడు.

మధ్యాహ్నం మూడింటికి అమరావతి ఒడ్డుకి చేరేసరికి జలలక్ష్మి లాంచి అక్కడే కట్టేసి ఉంది. దాంట్లోంచి పాట ఒకటి, ఒకే ముక్క దగ్గర తడబడుతూ తిరిగి తిరిగి వినబడుతోంది. మెడ ఒకపక్కకి వంచుకుని చెరకు రైతు బసవపున్నయ్య దిగాడు. వెనకాల ఆయన భార్య ఛాయాదేవి.

"ఏం ఆమోసూ! బస్సులోనా? అయ్యో పాపం! ఎక్కితే లాంచే ఎక్కాలయ్యా. స్వర్గం అనుకో!" అన్నాడు బసవపున్నయ్య. మెడ మాత్రం తిప్పలేకపోయాడు.

ఛాయాదేవి సంపూర్ణమ్మని పక్కకి లాగింది. "ఏం స్వర్గమమ్మా! ఇంజను పక్కన సీటు. నిన్నట్నుంచీ చెవులు పనిచెయ్యట్లా. ఉన్నదొక్కటే రికార్డు, అదీ గీత పడింది. అంచు పక్క కూర్చున్నోళ్ల మొహాన పొగ. మంచాలు చాలక ఈయన కుర్చీలో పడుకుని మెడ పట్టేయించుకున్నాడు. ఊళ్లో చెప్పమాక, పరువు పోద్ది."

బస్సు రాజులూ, లాంచి రాజులూ ఒకరి గుడ్డలు ఒకరు చూసుకున్నారు. తూచి చూస్తే ఎటూ మొగ్గేట్టు లేదు.

నాలుగు దాటాక తెలిసింది, గుంటూరు బస్సు స్ప్రింగు విరిగి దారిలో ఆగిపోయిందని, మళ్లీ బస్సు రేపు పొద్దున్నేనని. అప్పుడే రేవులోంచి కేక వినబడింది. "అవతలొడ్డు! అవతలొడ్డు! బెజవాడ బస్సు అందుద్ది, రండమ్మా!" రేవు పడవ నడిపే జక్కయ్య పిలుస్తున్నాడు. మనిషికి అర్ధరూపాయి.

సంపూర్ణమ్మ లేచింది. ఆమోసు లేవలేదు.

"ఈ పూటకి సత్రంలో పడుకుందాం. పొద్దున్నే గుంటూరు మీద నుంచి..."

"సత్రం ఎంతండీ?"

ఆయన జేబులో నోటుబుక్కు తడుముకున్నాడు.

"గుంటూరు బస్సెంత? అక్కణ్ణుంచి బెజవాడకి ఎంత? పడవెంత?" ఆమె గొంతు పెరగలేదు. "అయిదేళ్లు తూచారు. అన్నీ నిండు బండ్లే తూచారు. ఉత్త బండి తూకం ఎప్పుడూ వెయ్యలేదు. డబ్బులే ఆ ఉత్త బండి, అవి తీసేసి చూడండి, ఏం మిగులుద్దో. ఇంకో రెండేళ్లు ఆగితే నాకు పడవ ఎక్కే మోకాళ్లుండవు. కొట్టిన చెరకు గేటు దగ్గర ఎండితే ఏమవుద్దో రోజూ ఊరందరికీ మీరే చెప్తారు."

ఆమోసు కళ్లజోడు సవరించుకున్నాడు. చుట్టూ చూశాడు. బసవపున్నయ్య మెడ అటు తిరిగి ఉండటం దేవుడి దయ.

"భయం, సంపూర్ణా" అన్నాడు. "నీళ్లంటే భయం. చిన్నప్పుడు మా చిన్నాన్న ఈత నేర్పుతానని కాలవలోకి విసిరాడు. అప్పట్నుంచీ అంతే. మోకాలి లోతు చూసినా ఊపిరాడదు."

"తెలుసు."

"తెలుసా?"

"పెళ్లిచూపుల నాడే తెలుసు. కాలవ వంతెన మీద అంచులొదిలేసి నడిమధ్యన నడిచొచ్చారు. సరంగు కూతుర్ని, ఆమాత్రం తెలీదా?"

"మరి ఇన్నేళ్లూ అనలేదేం?"

"మీ నోటితో మీరు చెప్తారని చూశా. మీరు లాంచివాడి మీద, చమురు మీద, పాస్టరు గారి మీద నెపం పెట్టారు గాని చెప్పలా."

ఆమోసుకి సిగ్గేసింది. పాతికేళ్లు వెనకబెంచీలో చూసుకున్న చెప్పులు ఇప్పుడు విప్పి చేత్తో పట్టుకున్నాడు. జక్కయ్య ఒక చెయ్యి, సంపూర్ణమ్మ ఒక చెయ్యి పట్టుకుంటే, చెరకు కట్టని ఎక్కించినట్టు ఆయన్ని పడవలోకి ఎక్కించారు. అడుగున కూర్చుని, బల్లని రెండు చేతులా వాటేసుకుని కళ్లు మూసుకున్నాడు. పడవ కదిలింది. ఆయన ఇరవై మూడో కీర్తన మొదలుపెట్టి, గాఢాంధకారపు లోయ దగ్గర ఆగిపోయి, మళ్లీ మొదటికొచ్చాడు.

"గెడ ఒకసారి ఇస్తావా, తమ్ముడూ?" అని సంపూర్ణమ్మ అడగడం వినబడింది. "బరువమ్మా" అని జక్కయ్య. కాసేపటికి "అబ్బో!" అని కూడా జక్కయ్యే.

పైకి లేచిన గెడ నుంచి ఆమోసు నెత్తిన నాలుగు చుక్కలు రాలాయి. ఈ పద్ధతి ఆయనకి అలవాటే, ధైర్యం చేసి ఒక కన్ను తెరిచాడు. చెంగు నడుముకి దోపుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్ల సంగతే మరిచిపోయి సంపూర్ణమ్మ గెడ వేస్తోంది. తను పాతికేళ్లుగా తింటున్నది ఈ మనిషి చేతి అన్నమేనా అనిపించింది ఆమోసుకి. ఆ మొహం ఆయన ఎప్పుడూ చూడలేదు. చూసే అవకాశం పదిహేను రూపాయలప్పుడే ఉండేది, అసలు రూపాయి కూడా లేకుండానే ఉండేది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో కన్ను కూడా తెరిచాడు.

అవతలొడ్డు తగిలింది. జనం దిగి, దుమ్ము లేపుకుంటూ వస్తున్న బెజవాడ బస్సు వైపు పరుగెత్తారు. సంపూర్ణమ్మ గెడ జక్కయ్యకిచ్చేసి, చెంగు సర్దుకుని, ఒక కాలు పడవ అంచు మీద పెట్టింది.

"దిగకు" అన్నాడు ఆమోసు.

"బస్సు పోద్దండీ!"

"పోనీ." బల్లని ఇంకా వదల్లేదు. "జక్కయ్యా, మళ్లీ అవతలికి పోయొద్దాం. గెడ ఆవిడకే ఇవ్వు."

ఎంతవుతుంది అని మాత్రం అడగలేదు.