సూది అక్కర్లేని వాచీ

కరోనా తగ్గి రెండో ఏడు నడుస్తోంది. కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర రెండు బట్టల కొట్ల మధ్య నా సర్వీసు సెంటరు ఉంది. బోర్డు మీద సెంటరు అని రాయించానే గానీ, ఉన్నదల్లా ఒక గది, ఒక గాజు కౌంటరు, దాని వెనక నేను. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్స్ చదివి రేడియోలు, టీవీలు బాగుచేయడంతో మొదలుపెట్టినదాన్ని. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాటిలో సగానికి పైగా ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకున్న చౌక వస్తువులే. పవర్ బ్యాంకు విప్పితే లోపల చిటికెన వేలంత బ్యాటరీ, బరువు కోసం ఒక ఇనప ముక్క ఉంటాయి. సోలార్ లైటు మీద అతికించిన పలకకు వైరే ఉండదు. వాటిని అమ్మినవాళ్ళు ఏ ఊరివాళ్ళో కొన్నవాళ్ళకు తెలియదు. అందుకే వస్తువు కొత్తగా వచ్చినా, పాడైపోయినా నా దగ్గరికే తెస్తారు. పెట్టె తెరిచి కౌంటరు మీద పెట్టి, ఇది మంచిదేనా అని అడుగుతారు. రోజుకు పదిసార్లు ఆ మాటకు జవాబు చెబుతాను.

గురుసామి మామ కూడా ఆ మాట అడగడానికే వచ్చాడు. అమ్మ వైపు నుంచి దూరపు వరస. పుదూరు పక్క పల్లెలో నల్లరేగడి చేను, వాన పడితేనే పంట. మిరప, మినుము వేసేవాడు. తమిళనాడులో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళం. కొట్లో అందరితోనూ నాకు తమిళమే. మామ మెట్టెక్కితే మాత్రం నోట్లోకి తెలుగు వచ్చేది.

ఆయనకు పదేళ్ళుగా సక్కర జబ్బు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది. వేలికి సూది గుచ్చి, ఆ రక్తపు బొట్టును చిన్న స్ట్రిప్ మీద పెడితే సక్కర ఎంత ఉందో చెప్పే మిషను అది. మిరపకాయలు కోసే రోజుల్లో మామకు ఆ సూదంటే, ఆయన మాటలో ‘ఊసి’ అంటే, ఏడుపు వచ్చేది. గుచ్చిన చోట కారం తగిలితే రాత్రంతా చెయ్యి నీళ్ళలో పెట్టుకుని కూర్చునేవాడట. కొడుకు శ్రీనివాసన్ విరుదునగర్‌లో ఒక పప్పుల మిల్లులో పని చేస్తాడు. తండ్రి అవస్థ చూడలేక ఆన్‌లైన్‌లో వెతికి వెతికి ఒక వాచీ తెప్పించి పంపాడు.

"ఇంక ఊసి వొద్దంట విజయా," అన్నాడు మామ పెట్టె నా ముందు పెట్టి. "చేతికి కట్టుకుంటే సక్కర అదే చెప్తాదంట. సీనివాసు నాకోసరమని తెప్పించినాడు. ఏం చెయ్యాల్నో నువ్వే చేసి ఇయ్యి."

ఆ రోజు కౌంటరు ముందు జనం ఉన్నారు. నేను వాచీని ఆయన ఫోనుతో పెయిర్ చేశాను, అంటే రెండింటినీ బ్లూటూత్‌తో కలిపాను. యాప్ ఒక్కొక్కటే అడుగుతూ పోయింది: పేరు, వయసు, ఎత్తు, బరువు. ఆ తర్వాత, మామూలుగా మీ సక్కర ఎంత అని అడిగింది. నేను మామను అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి నూట పది అన్నాడు. నూట పది అని టైప్ చేశాను. బరువు అడిగినట్టే ఇదీ అడిగింది అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

తర్వాత వాచీని పరీక్షించాను. దాని అడుగున సెన్సర్ ఉంటుంది. పచ్చ లైటు చర్మం మీద పడి వెనక్కి వచ్చే తీరును బట్టి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కగడుతుంది. మామ మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ నేనూ లెక్కపెట్టాను. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా వచ్చాయి. పది అడుగులు నడవమన్నాను, అడుగుల లెక్కా సరిపోయింది. సక్కర బటన్ నొక్కితే నూట ఎనిమిది చూపించింది.

"మంచిదేనా?" అన్నాడు మామ.

"మంచి వస్తువే మామా," అన్నాను.

నేను పరీక్షించింది గుండెనూ అడుగులనూ. మంచిదని చెప్పింది వాచీ మొత్తానికి. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

ఐదారు నెలల తర్వాత మళ్ళీ వచ్చాడు. వాచీ ఛార్జింగ్ ఎక్కడం లేదు. వెనక ఉన్న రెండు పిన్నులు చెమటకు పచ్చగా చిలుము పట్టాయి. అవి గోకి శుభ్రం చేస్తూ మాట్లాడుతున్నాను. మామ స్టూలు మీద కూర్చుని సంచిలోంచి కడలైమిట్టాయి పొట్లం తీశాడు. చెనక్కాయలు, బెల్లం పాకంతో చేసే మా ఊరి మిఠాయి. రెండు అచ్చులు తిన్నాడు, నాకు ఒకటి ఇచ్చాడు. సక్కర ఉండగా ఇది తినొచ్చా అని అడిగాను. వాచీ వచ్చినాక రోజూ చూసుకుంటున్నాడట, ఎప్పుడూ నూట పదికి అటూ ఇటూనే ఉంటోందట. అందుకని మాత్రలు కూడా సగం తగ్గించేశాడట. సూది మిషను ఎక్కడుందో అత్తకే తెలియాలి అని నవ్వాడు. పొద్దున్నే వాచీకి ఫోటో తీసి కొడుక్కి పంపుతాడట. వాడు చూసుకుని పనిలోకి పోతాడట.

అప్పుడు ఆయన ఎడమ కాలు చూశాను. గుడ్డ చుట్టి ఉంది. చెప్పు వార తెంపేసి ఉంది. చెప్పు కొరికిందని, ఇరవై రోజులైనా పుండు మానలేదని, నొప్పి మాత్రం కొంచెం కూడా లేదని చెప్పాడు. నొప్పి లేకపోవడం మంచిదే అనుకున్నాను. సక్కర ముదిరితే కాలి నరాలు చచ్చిపోయి నొప్పి తెలియదని ఆ తర్వాత ఆస్పత్రిలో విన్నాను. ఆయన కాలు కదిపినప్పుడు ఒక వాసన వచ్చింది.

వాచీ బాగైంది. మామ కట్టుకుని బటన్ నొక్కి నాకు చూపించాడు. నూట పన్నెండు. మిట్టాయి తిన్నాక కూడా ఎంత ఉందో చూడమన్నాడు.

రెండు అచ్చులు తిన్నాక కూడా అంకె కదలకపోవడం నాకు తేడాగా అనిపించింది. వాచీ అడిగి తీసుకుని నా చేతికి కట్టుకున్నాను. నూట తొమ్మిది. బల్ల తుడిచే గుడ్డను చుట్టగా చుట్టి దానికి కట్టాను. పచ్చ లైటు వెలిగింది. గుడ్డకు కూడా నూట పదకొండు చూపించింది. ఫోను తీసుకుని యాప్‌లో వెతికాను. మామూలుగా మీ సక్కర ఎంత అన్న చోట నేను టైప్ చేసిన నూట పది అలాగే ఉంది. దాన్ని రెండు వందలు చేసి మళ్ళీ గుడ్డ మీద నొక్కాను. రెండు వందల మూడు అని చూపించింది.

ఆ వాచీకి సక్కర తెలియదు. మనం చెప్పిన అంకెనే ఒకటి రెండు పెంచి, తగ్గించి మనకే తిరిగి చెబుతోంది.

మామకు మళ్ళీ రెండు వందలకు ఒకసారి, పాత నూట పదికి ఒకసారి చేసి చూపించాను. పక్క వీధిలోనే ల్యాబ్ ఉంది, ఇప్పుడే పోయి రక్తం ఇద్దాం, నేనూ వస్తానన్నాను. ఆయన గుడ్డకు కట్టిన వాచీని తన వైపుకు లాక్కున్నాడు.

"అప్పుడు మంచిదంటివే," అన్నాడు.

"తప్పు చెప్పినాను మామా."

"అప్పుడు చెప్పింది తప్పయితే, ఇప్పుడు చెప్పేది మాత్రం సరని నేనెట్ల నమ్మేది? నా కొడుకు కండ్లు పోయేటట్టు వెతికి తెప్పించింది ఇది."

గుడ్డ విప్పి వాచీ తీసుకున్నాడు. మిట్టాయి పొట్లం అక్కడే మర్చిపోయి, కాలు ఈడ్చుకుంటూ మెట్టు దిగాడు. నేను వెనకే పోయి బతిమాలాను. బస్సుకు టైమైందని చెప్పి వెళ్ళిపోయాడు.

శ్రీనివాసన్ నంబరు నా దగ్గర ఉంది. ఆ సాయంత్రమే ఫోను చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. తండ్రీకొడుకుల మధ్య మనమెందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఫోను చేస్తే, ఆ అంకె టైప్ చేసింది నేనేనని కూడా చెప్పాలి. ఇవాళ కాదు రేపు అనుకుంటూ రోజులు గడిపాను.

ఎనిమిదో రోజు సీతాలక్ష్మి అత్త ఫోను చేసింది. మామకు చలిజ్వరం వచ్చి మాట తడబడుతోంటే కొడుకు వచ్చి విరుదునగర్ ఆస్పత్రికి తీసుకుపోయాడట. రక్తంలో సక్కర ఐదు వందలు దాటిందట. కాలు తియ్యాలన్నారట.

నేను సాత్తూరు మీదుగా పోయే బస్సెక్కి వెళ్ళేసరికి మోకాలి కింద తీసేశారు. దుప్పటి ఎడమవైపు ఖాళీగా పడి ఉంది. అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. శ్రీనివాసన్ మందులకు పోయాడు. వాచీ మామ చేతికి లేదు, సెలైన్ సూది ఉంది. నేను మంచం పక్కన నిలబడి, అంకె నేనే టైప్ చేశానని, ఫోను చెయ్యకుండా ఉండిపోయానని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకునే విన్నాడు.

"నువ్వు అడిగినప్పుడు నేను చెప్పిందేగా," అన్నాడు. "నాకు ఎంత ఉండాదో చెప్పలేదు. ఎంత ఉండాలని డాక్టరు చెప్పినాడో అది చెప్పినాను."

తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "సీనివాసుకు చెప్పొద్దు. చెప్పు కొరికి కాలు పోయిందని వాడు అనుకుంటా ఉండాడు. అట్లనే ఉండనీ."

సరేనన్నాను. శ్రీనివాసన్ మందులతో వచ్చి, అంత దూరం నుంచి వచ్చావా అక్కా అని నాకు టీ తెప్పించాడు. తాగాను.

పుండులోని విషం రక్తంలోకి ఎక్కింది, కిడ్నీలు నిలిచిపోయాయి. కాలు తీసిన పదకొండో రోజు మామ చనిపోయాడు.

మూడు నెలలైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం శ్రీనివాసన్ నా కొట్టుకు వచ్చాడు. సన్నబడ్డాడు. జేబులోంచి ఆ వాచీ, నాయన ఫోనూ తీసి, వాచీకి చిన్న స్ట్రాప్ వేసి ఇమ్మన్నాడు. అమ్మకు కూడా సక్కర మొదలైందట. నాయన వాడింది, అమ్మ చేతికి ఉంటే బాగుంటుందని తెచ్చాడట. పేరూ వయసూ మార్చి అమ్మవి పెట్టమన్నాడు.

నేను ఫోను తీసుకున్నాను. పాతవి తుడిచేసి సీతాలక్ష్మి అని టైప్ చేశాను. వయసు, ఎత్తు, బరువు. తర్వాత అదే ప్రశ్న వచ్చింది. నా వేలు కదల్లేదు. మామకు ఇచ్చిన మాట ఒకవైపు, అత్త చెయ్యి ఒకవైపు.

బల్ల గుడ్డను చుట్టి వాచీని దానికి కట్టి, మామకు చూపించినట్టే వాడికీ చూపించాను. నూట పదికి ఒకసారి, రెండు వందలకు ఒకసారి. నేను టైప్ చేసిన సంగతీ, ఫోను చెయ్యని సంగతీ చెప్పాను. వాడు వాచీ కట్టిన గుడ్డనే చూస్తూ అడిగాడు.

"నాయనకు తెలుసా అక్కా?"

అబద్ధం చెప్పడానికి అది ఆఖరి అవకాశం. "తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు," అన్నాను.

వాడు కౌంటరు గాజు మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత తన ఫోను తీసి తండ్రి పంపిన ఫోటోలు ఒక్కొక్కటే పైకి జరుపుతూ పోయాడు. ప్రతిదాంట్లోనూ నల్లటి మణికట్టు, దాని మీద ఒక అంకె. ఐదారు నెలల ఫోటోలు. చివరిదాకా పోయి రెండు ఫోనులూ జేబులో పెట్టుకుని, వాచీ వదిలేసి వెళ్ళిపోయాడు.

పది రోజులకు అత్త ఫోను చేసింది. కొడుకు మిల్లు పనికి పోవడం లేదట, అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడట. ఆమె గొంతు పెంచలేదు. "చెప్పకుండా ఉంటే నేను పోయేదాన్నేమో విజయా. వాడు బాగుండేవాడు," అని ఫోను పెట్టేసింది. అత్త ఇప్పుడు నెలకోసారి పుదూరు ఆస్పత్రిలో రక్తం ఇచ్చి చూపించుకుంటోందని, సక్కర అదుపులో ఉందని వేరేవాళ్ళు చెప్పగా విన్నాను. శ్రీనివాసన్ మళ్ళీ పనికి పోతున్నాడు. కోవిల్‌పట్టి వచ్చినా మా వీధిలోకి రాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఇంతే. చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని మంచిదని చెప్పకూడదు. గుండె లెక్క చూస్తే గుండె లెక్క వరకే చెప్పాలి. మిగతాది నాకు తెలియదు అనాలి. ఆ మాట అనడం నా పనిలో అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే జనం దానికోసం రారు. తప్పు తెలిసిన రోజునే ఫోను చెయ్యాలి అన్నది కూడా నేర్చుకున్నాను. అది మామకు పనికిరాలేదు.

అలాంటి వాచీలు ఇప్పుడూ వస్తున్నాయి. పేరు మారింది, పెట్టె రంగు మారింది. పోయిన వారం నరికుడి నుంచి ఒకావిడ భర్త కోసం తెప్పించిన వాచీ పట్టుకొచ్చింది. గుడ్డకు కట్టి చూపించాను, సక్కర విషయంలో దీన్ని నమ్మొద్దని, ల్యాబుకు పొమ్మని అరగంట చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, థాంక్స్ చెప్పి, వాచీ సంచిలో పెట్టుకుంది. మెట్టు దిగి, ఎదురుగా కొత్తగా పెట్టిన మొబైల్ షాపులోకి వెళ్ళింది. అక్కడివాడు వాచీని ఫోనుతో కలుపుతూ ఆవిడను ఏదో అడగడం, ఆవిడ కాస్త ఆలోచించి ఏదో చెప్పడం నా కౌంటరు దగ్గరికి కనిపించాయి.